తిరువళ్లూరు కారు, తిరుత్తణి ఎండ: ఎలక్ట్రిక్ కారు దూరం మీద తెగని వాదం

తిరువళ్లూరు పక్కన అధిగత్తూరులో ఒక కార్ల ఫ్యాక్టరీ ఉంది. హిందుస్థాన్ మోటార్స్ 1998లో అక్కడ మిత్సుబిషి లాన్సర్ తయారీ మొదలుపెట్టింది. తర్వాత ఆ ఫ్యాక్టరీ చేతులు మారి ఫ్రెంచి సంస్థకు వెళ్లింది. ఇప్పుడక్కడ సిట్రోయెన్ కార్లు తయారవుతున్నాయి. 2023 ఫిబ్రవరిలో మార్కెట్లోకి వచ్చిన ఈసీ3 అనే ఎలక్ట్రిక్ కారు పుట్టిల్లు అదే. దాని బ్యాటరీలో 29.2 యూనిట్ల కరెంటు పడుతుంది. ఇంటి కరెంటు బిల్లులో లెక్కగట్టే యూనిట్టే ఇక్కడా కొలత. నిండా ఛార్జింగ్ పెడితే 320 కిలోమీటర్లు నడుస్తుందని కంపెనీ ప్రకటించింది.

తిరువళ్లూరు నుంచి తిరుత్తణి, నగరి, పుత్తూరు మీదుగా తిరుపతికి సుమారు 110 కిలోమీటర్లు. రానూపోనూ 220. తిరుమల కొండ ఎక్కి దిగితే మరో 35. మొత్తం 255 అవుతుంది. 320 కిలోమీటర్ల కారులో ఈ యాత్ర ఒక్క ఛార్జింగుతో పూర్తి కావాలి, ఇంకా 65 మిగలాలి. ఆ కారుతో ఎవరైనా అలా బయలుదేరవచ్చా?

ఈ చిన్న ప్రశ్న దగ్గరే వాదం చిక్కుపడింది. కంపెనీలు అంకె పెంచి చెబుతున్నాయని ఒక వర్గం అంటుంది. అంకె నిజమే, నడిపే తీరే తప్పని రెండో వర్గం. ఈ ఎండల్లో బ్యాటరీ అసలు నిలవదని మూడో వర్గం. ముగ్గురి చేతిలోనూ ఆధారాలున్నాయి. కానీ ముగ్గురూ మాట్లాడుతున్నది ఒకే విషయం కాదు. ఈ రోజు ప్రయాణం ఎంత దూరం సాగుతుందనేది ఒక ప్రశ్న. బ్యాటరీ ఎన్నేళ్లు నిలుస్తుందనేది వేరే ప్రశ్న. మొదటిదాన్ని ఎక్కువగా నిర్ణయించేది వేగం. రెండోదాన్ని నిర్ణయించేది వేడి. ఎండలు మండే తిరుత్తణి లాంటి చోట ఈ రెండూ తారుమారైపోతున్నాయి. దూరం తగ్గితే ఎండను తిడతారు, బ్యాటరీ నీరసిస్తే ఫాస్ట్ ఛార్జర్‌ను తిడతారు.

అంకె ఎక్కడ పుట్టింది

మన రోడ్ల మీద పేరు తెచ్చుకున్న తొలి ఎలక్ట్రిక్ కారు రేవా. 2001లో బెంగళూరు నుంచి వచ్చింది. లెడ్ యాసిడ్ బ్యాటరీతో 80 కిలోమీటర్లు వస్తుందన్నారు. ఊళ్లో తిరగడానికి కొనుక్కునే బండి కాబట్టి ఆ అంకెతో పెద్ద పేచీ రాలేదు. 2020 జనవరిలో టాటా నెక్సాన్ ఈవీ వచ్చాక పరిస్థితి మారింది. 30.2 యూనిట్ల బ్యాటరీ, 312 కిలోమీటర్ల దూరం. కుటుంబం మొత్తం ఎక్కి హైవే మీదికి వెళ్లే కారది. హైవే మీద 312 రాకపోవడంతో తగువు మొదలైంది.

ఆ అంకెలన్నీ పుట్టింది పరీక్షశాలలో. ఏఐఎస్ 040 అనే ప్రమాణం ప్రకారం కారును రోలర్ల మీద నిలబెట్టి, ఎంఐడీసీ అనే భారతీయ డ్రైవింగ్ సైకిల్ ప్రకారం నడుపుతారు. ఇందులో రెండు భాగాలున్నాయి. మొదటిది ఊరి నడక. ఆగుతూ సాగుతూ పోతుంది, వేగం గంటకు 50 కిలోమీటర్లు దాటదు, సగటు 19 దగ్గర ఉంటుంది. రెండోది ఊరి బయటి నడక. అందులోనూ గరిష్ఠ వేగం 90 మాత్రమే. దీనికి మూలమైన పాత యూరప్ పరీక్షలో రెండో భాగం 120 దాకా వెళుతుంది, మన దగ్గర దాన్ని కుదించారు. ఏసీ ఆపి ఉంటుంది. ఎదురుగాలి ఉండదు, మిట్ట ఉండదు, కారులో నలుగురు మనుషులూ డిక్కీలో సామానూ ఉండవు.

యూరప్ తన పాత పరీక్షను తానే వదిలేసింది. 2017 సెప్టెంబరు నుంచి కొత్త మోడళ్లకు డబ్ల్యూఎల్‌టీపీ అనే పరీక్ష పెట్టింది. దానిలో వేగం 131 దాకా వెళుతుంది. అమెరికా ఇంకో అడుగు ముందుకు వేసింది. అక్కడి పర్యావరణ సంస్థ పద్ధతిలో రోలర్ల మీద వచ్చిన దూరాన్ని మామూలుగా 0.7తో గుణించి, ఆ తగ్గిన అంకెనే కారు అద్దం మీద అంటిస్తారు. ఎండ, చలి, ఏసీ, తొందరపాటు అన్నిటికీ ముందే కోత వేసుకున్నారన్నమాట.

మన దేశంలో 2024 దాకా చాలా ప్రకటనల్లో మొదటి భాగం అంకె ఒక్కటే కనిపించేది. ఆ ఏడు రెండు భాగాలూ కలిపిన అంకె చెప్పే పద్ధతి వచ్చింది. దాని ప్రభావం టాటా కార్లలో స్పష్టంగా కనిపిస్తుంది. పంచ్ ఈవీ పెద్ద బ్యాటరీ రకం 421 నుంచి 365కు దిగింది. 55 యూనిట్ల కర్వ్ ఈవీ 585 నుంచి 502కు దిగింది. అదే ఏడు ఆ కంపెనీ మరో అంకె కూడా ఇవ్వడం మొదలుపెట్టింది. నూటికి 75 మంది వాడకందారులకు నిజంగా అందే దూరమని చెప్పి, కర్వ్‌కు 400 నుంచి 425 అంది. అంటే ఒకే కారు, ఒకే బ్యాటరీ, ఒకే ఏడు, మూడు అంకెలు: 585, 502, 400 పైచిలుకు. వీటిలో ఏదీ అబద్ధం కాదు. ఒక్కోటి ఒక్కో ప్రశ్నకు జవాబు. కొనేవాడు అడిగిన ప్రశ్నకు జవాబు మాత్రం మూడోదే, అది అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చింది.

పరీక్షశాలను సమర్థించేవాళ్ల మాటనూ తోసిపారేయలేం. రోడ్డు మీద ఏ రెండు రోజులూ ఒకలా ఉండవు. రెండు కార్లను పోల్చాలంటే ఎక్కడో ఒకచోట అన్నిటినీ ఒకే తీరున నడిపి చూడాల్సిందే. ఆ మేరకు ఎంఐడీసీ పనికొస్తుంది. చిక్కల్లా పోలిక కోసం పుట్టిన అంకెను ప్రయాణానికి హామీగా అమ్మడంలో ఉంది. అప్పు చేసి టాక్సీకి కారు కొన్న మనిషి ఆ అంకెను నమ్మి రోజుకు ఎన్ని ట్రిప్పులు వేయొచ్చో లెక్క కట్టుకుంటాడు. అతని కిస్తీ ఆ లెక్క మీదే నడుస్తుంది.

వేగం తినేది, ఏసీ తినేది

320ని 29.2తో భాగిస్తే యూనిట్‌కు దాదాపు 11 కిలోమీటర్లు. పెట్రోలు బండికి మైలేజీ ఎలాగో ఎలక్ట్రిక్ కారుకు ఈ లెక్క అలాగ. కారు సైజు, బరువు, టైర్ల రాపిడి, గాలి నిరోధం, మోటారులో పోయే నష్టం, ఏసీకి గంటకు ఒక యూనిట్, ఇవన్నీ మామూలు విలువలతో వేసుకుంటే ఆ తరగతి చిన్న కారుకు చదునైన రోడ్డు మీద ఇలా తేలుతుంది. గంటకు 60 కిలోమీటర్ల నిలకడ వేగంలో యూనిట్‌కు 9 కిలోమీటర్లు. 80లో 7 చిల్లర. 100లో 6 కూడా రాదు. ఆ 29.2 యూనిట్లకు అవి వరుసగా 260, 210, 165 కిలోమీటర్ల దగ్గరికొస్తాయి. ఇవి సూత్రాలతో కట్టిన అంచనాలు. అయిదో పదో అటూఇటూ కావచ్చు గానీ వాటి మధ్య ఉన్న అంతరం మారదు.

కారణం గాలి. టైర్ల రాపిడి వేగంతో పెద్దగా మారదు. గాలి నిరోధం మాత్రం వేగం వర్గంతో పెరుగుతుంది. 60 నుంచి 100కు వెళితే వేగం ఒకటిన్నర రెట్లు దాటుతుంది, గాలిని చీల్చడానికి కిలోమీటరుకు పెట్టే ఖర్చు దాదాపు మూడింతలవుతుంది. పెట్రోలు కారుకూ ఇదే సూత్రం. కాకపోతే పెట్రోలు ఇంజన్ ఊరి ట్రాఫిక్‌లో ఇంధనాన్ని బాగా వృథా చేస్తుంది కాబట్టి హైవే దానికి మేలు చేసినట్టు కనిపిస్తుంది. ఎలక్ట్రిక్ కారు ఊళ్లో పొదుపరి. బ్రేకు వేసినప్పుడల్లా కొంత కరెంటు వెనక్కి వస్తుంది, సిగ్నల్ దగ్గర మోటారు ఏమీ తినదు. అందుకే పాత అలవాటుతో ఊళ్లో తక్కువ, హైవేలో ఎక్కువ అనుకుని బయలుదేరినవాళ్లకు ఇది తలకిందులుగా కనిపిస్తుంది. నడిపే తీరే తప్పనే వర్గం బలమంతా ఇక్కడుంది. అయితే మూడు గంటల దారిని అయిదు గంటలు చేసుకొమ్మని యాత్రికుడికి చెప్పడం న్యాయమైన జవాబు కాదు. దారిలో లారీ వెనక 60లో పోవడం ఒకరికి సరదా కావచ్చు. పసిపిల్లతోనో ముసలి తల్లితోనో వెళ్లేవాళ్లు అలా చేయలేరు.

ఇక ఏసీ. మొదటి దోషిగా చాలామంది వేలు చూపేది దీన్నే. ఎండాకాలం ఏసీ గంటకు ఒకటి నుంచి రెండు యూనిట్లు తీసుకుంటుంది. దాన్ని గంటల్లో కాకుండా కిలోమీటర్లలో చూడాలి. గంటకు యూనిటున్నర తినే ఏసీతో తిరుత్తణి దారిలో 80 వేగాన పోతే, గంటకు 80 కిలోమీటర్లు సాగుతాయి కాబట్టి భారం కిలోమీటరుకు కొద్దిగానే పడుతుంది. మొత్తం ఖర్చులో ఏడో వంతుకు మించదు. అదే ఏసీతో ఆవడి, తిరునిన్రవూరు ట్రాఫిక్‌లో గంటకు 20 చొప్పున పాకితే కిలోమీటరుకు పడే భారం నాలుగు రెట్లు. అక్కడ ఏసీ ఖర్చు చక్రాలు తిప్పే ఖర్చుతో పోటీ పడుతుంది. ఆడికృత్తిక ఉత్సవ రోజుల్లో తిరుత్తణి మురుగన్ కొండ కింద వాహనాలు కదలక నిలిచిపోతే మీటరులో శాతాలు దిగేది ఏసీ వల్లే. దూరం సాగదు కాబట్టి ఆ దిగుడు కళ్లకు కొడుతుంది.

అమెరికా మోటారు వాహనదారుల సంఘం ఏఏఏ 2019లో అయిదు కార్లతో చేసిన పరీక్ష ఈ తగువుకు మంచి కొలబద్ద. 35 డిగ్రీల ఎండలో ఏసీ వేసి నడిపితే దూరం సగటున 17 శాతం తగ్గింది. మైనస్ 7 డిగ్రీల చలిలో హీటరు వేస్తే 41 శాతం తగ్గింది. అంటే ప్రయాణ దూరం వరకు చూస్తే ఎండ కన్నా చలే పెద్ద శత్రువు. నార్వేలో చలికాలం దూరం మీద ప్రతి ఏటా పరీక్షలు పెట్టుకునేది అందుకే. తిరువళ్లూరు జిల్లాకు ఆ బాధ లేదు. ఇక్కడి ఎండ ఆ రోజు ప్రయాణంలో కొంతే కోసుకుంటుంది. దాని అసలు పని వేరే ఉంది, అది తర్వాత.

కొండ లెక్క

తిరుమల ఘాట్ చూసి చాలామంది జంకుతారు. అలిపిరి నుంచి పైకి సుమారు 700 మీటర్ల ఎత్తు. కారు, నలుగురు మనుషులు, సామాను కలిపి 1,600 కిలోలనుకుంటే అంత బరువును అంత ఎత్తుకు లేపడానికి 3 యూనిట్లు కావాలి. దీనికి రాపిడి, మోటారు నష్టం, ఏసీ కలిపితే ఎక్కడానికి మొత్తం 5 యూనిట్ల దాకా అవుతుంది. ఆ తిరువళ్లూరు కారు బ్యాటరీలో అది 17 శాతం. పదహారు, పదిహేడు కిలోమీటర్లకు అంత దిగిపోతే ఎవరికైనా గుండె జారుతుంది.

దిగేటప్పుడు ఆ ఎత్తే తిరిగి కరెంటవుతుంది. రాపిడికీ నష్టాలకూ ఏసీకీ పోగా నికరంగా ఒక యూనిట్ దాకా బ్యాటరీలో చేరుతుంది. ఎక్కీ దిగీ 35 కిలోమీటర్లకు నికర ఖర్చు 4 యూనిట్లు. చదునైన నేల మీద 60 వేగంతో నడిపినా దాదాపు అంతే. ఘాట్‌లో ఎక్కడానికి 28 నిమిషాలకు, దిగడానికి 40 నిమిషాలకు తగ్గకూడదన్న దేవస్థానం నిబంధన భద్రత కోసం పెట్టినదే అయినా, బ్రేకుల ద్వారా కరెంటు రాబట్టుకునే కారుకు అది అచ్చంగా సరిపోయింది. మెల్లగా దిగితే కరెంటు ఎక్కువ వెనక్కి వస్తుంది.

ఒక్క జాగ్రత్త ఉంది. బ్యాటరీ నిండుగా ఉంటే వెనక్కి వచ్చే కరెంటుకు చోటుండదు. అప్పుడు కారు ఆ సదుపాయాన్ని తగ్గించేస్తుంది, భారమంతా మామూలు బ్రేకుల మీద పడుతుంది. కొండమీద నూరు శాతం ఛార్జింగ్ పెట్టుకుని దిగడం అందుకే మంచిది కాదు. కొండకు ఎలక్ట్రిక్ బండి సరిపోతుందా అన్న సందేహాన్ని మాత్రం ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ తీర్చేసింది. 2022 సెప్టెంబరులో ఒలెక్ట్రా సంస్థ తయారుచేసిన ఎలక్ట్రిక్ బస్సులు తిరుపతి, తిరుమల మధ్య తిరగడం మొదలైంది. అవి రోజూ నిండు జనంతో అదే ఘాట్ ఎక్కి దిగుతున్నాయి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. 220 కిలోమీటర్లకు 80 వేగంతో 30 యూనిట్లు దాటుతాయి. కొండకు మరో 4. బ్యాటరీలో ఉన్నవి 29.2. ఆ యాత్ర ఒక్క ఛార్జింగుతో కాదు. ఆసాంతం 60లో పోతే కాగితం మీద ఒక యూనిట్ కూడా మిగలకుండా సరిపోతుంది, అలా ఎవరూ ప్రయాణం పెట్టుకోకూడదు. తిరుపతిలో ఒక గంట ఫాస్ట్ ఛార్జింగ్ పెట్టుకుంటే నిశ్చింతగా ఇల్లు చేరవచ్చు. ఈ కొద్ది వాక్యాలు షోరూంలో చెప్పి ఉంటే తగువులో సగం పుట్టేదే కాదు.

మీటరు మాట

వాడకందారులను బాగా తికమక పెట్టే విషయం ఇంకొకటుంది. ఎదురుగా తెరమీద కనిపించే మిగిలిన కిలోమీటర్ల అంకె కొలత కాదు, అంచనా. కారు ఇటీవల ఎలా నడిచిందో చూసి ఇకముందూ అలాగే నడుస్తుందనుకుని అది లెక్క కడుతుంది. వారం పాటు ఊళ్లో తిరిగిన కారు ఆదివారం పొద్దున 280 చూపించి, హైవే ఎక్కిన అరగంటలో గబగబా దిగిపోతుంది. బ్యాటరీ చెడిపోలేదు, అంచనాకు ఆధారం మారింది.

శాతం చూపే అంకె కూడా అంత నిఖార్సైనది కాదు. ఈ విషయంలో బ్యాటరీ రసాయనం ముఖ్యం. ఈసీ3లో ఉన్నది లిథియం ఐరన్ ఫాస్ఫేట్, ఎల్‌ఎఫ్‌పీ అంటారు. టెక్సస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడెనఫ్ బృందం దీన్ని 1997లో లోకానికి చూపింది. ఆ పరిశోధన పత్రంలో అక్షయ పాఢి, నంజుండస్వామి అనే భారతీయుల పేర్లున్నాయి. ఈ రసాయనంలో బ్యాటరీ వోల్టేజీ 80 శాతం దగ్గరా 30 శాతం దగ్గరా దాదాపు ఒకటే. వోల్టేజీ చూసి ఎంత మిగిలిందో చెప్పడం కష్టం. లోపలికి ఎంత పోయింది, బయటికి ఎంత వచ్చింది అని కారు పద్దు రాసుకుంటూ పోతుంది. చిన్న చిన్న తప్పులు పోగుపడతాయి. అందుకే అప్పుడప్పుడు నూరు శాతం దాకా ఛార్జింగ్ పెట్టి ఆ పద్దును సరిచేసుకోమని తయారీదారులు చెబుతారు. అలా చేయని కారులో 15 శాతం చూపిన అంకె ఉన్నట్టుండి పడిపోవచ్చు.

నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిసిన ఎన్‌ఎంసీ రకంలో వోల్టేజీ క్రమంగా దిగుతుంది కాబట్టి అంచనా తేలిక. శ్రీపెరుంబుదూరు దగ్గర హ్యుందాయ్ తయారుచేసే క్రెటా ఎలక్ట్రిక్‌లో ఉన్నది ఆ రకమే. 2025 జనవరిలో వచ్చింది. పెద్ద బ్యాటరీ 51.4 యూనిట్లు, చెప్పిన దూరం 473 కిలోమీటర్లు, చల్లబరచడానికి ద్రవం. ఒకదానికొకటి దగ్గరలోనే ఉన్న రెండు ఫ్యాక్టరీల్లో రెండు దారులు కనిపిస్తాయి: ఇక్కడ ఎల్‌ఎఫ్‌పీ, గాలితో చల్లబరచడం, తక్కువ ధర, అక్కడ ఎన్‌ఎంసీ, ద్రవంతో చల్లబరచడం, ఎక్కువ ధర.

ఎండ అసలు చేసే పని

మే నెలలో తమిళనాడు ఉష్ణోగ్రతల పట్టికలో తిరుత్తణి పేరు తరచూ పై వరుసల్లో ఉంటుంది. 40 డిగ్రీలు దాటడం మామూలే. తమిళులు అగ్ని నక్షత్రమనే రోజులు, తెలుగువాళ్ల కృత్తిక, రోహిణి కార్తెలు, ఈ బండరాళ్ల కొండల మధ్య గట్టిగా కాస్తాయి. ఆ ఎండలో నిలిపిన కారు బ్యాటరీకి ఏమవుతుంది?

లిథియం బ్యాటరీ రెండు రకాలుగా ముసలిదవుతుంది. నింపి వాడిన కొద్దీ ఒక రకం అరుగుదల. వాడకపోయినా కాలంతో పాటు జరిగేది రెండోది. లోపలి ద్రావకం, ఎలక్ట్రోడ్ కలిసేచోట ఒక పలచని పొర మెల్లగా మందమవుతూ పని చేసే లిథియాన్ని బంధించేస్తుంది. ఈ రెండో దానికి వేడి ఆజ్యం. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఇలాంటి రసాయన చర్యల వేగం సుమారు రెట్టింపవుతుందని స్థూలమైన లెక్క. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు ఇది ఇంకా ఎక్కువ. ఎండలో, నూరు శాతంతో, రోజుల తరబడి కదలకుండా నిలిచిన కారు మంచి రోడ్డు మీద రోజూ తిరిగే కారు కన్నా త్వరగా నీరసించవచ్చు.

దీనికి లోకమంతా చెప్పుకునే ఉదాహరణ అమెరికాలోని ఫీనిక్స్ నగరం. నిస్సాన్ లీఫ్ తొలి మోడళ్లలో బ్యాటరీని చల్లబరిచే ఏర్పాటు లేదు. 2012 వేసవిలో ఆ ఎడారి ఊరి యజమానులు తమ కార్ల సామర్థ్యం పడిపోతోందని గగ్గోలు పెట్టారు, కోర్టుకూ వెళ్లారు. చివరికి కంపెనీ సామర్థ్యానికి వారంటీ ఇచ్చింది, వేడిని మరింత తట్టుకునే రసాయనానికి మారింది.

అదే ఊళ్లో ఐడహో నేషనల్ లాబొరేటరీ చేసిన పరీక్ష నా దృష్టిలో ఈ వాదం మొత్తంలో విలువైనది. నాలుగు లీఫ్ కార్లు తీసుకున్నారు. రెండింటికి ఎప్పుడూ మామూలు ఛార్జర్, రెండింటికి ఎప్పుడూ ఫాస్ట్ ఛార్జర్. ఒకే దారుల్లో దాదాపు 80,000 కిలోమీటర్లు నడిపారు. మామూలు ఛార్జర్ కార్లు సామర్థ్యంలో పావు వంతు దగ్గరగా పోగొట్టుకున్నాయి. ఫాస్ట్ ఛార్జర్ కార్లు అంతకు కొద్ది శాతమే ఎక్కువ పోగొట్టుకున్నాయి. నాలుగింటినీ దెబ్బతీసింది ఫీనిక్స్ ఎండ. ఛార్జర్ రకం చేసిన తేడా దాని పక్కన చిన్నది.

నేటి కార్ల సంగతి మెరుగు. వాహనాల సమాచారం సేకరించే జియోటాబ్ సంస్థ 2020లో సగటు తరుగుదల ఏడాదికి 2.3 శాతమని చెప్పింది, 2024లో 1.8 అంది. వేడి ప్రాంతాల కార్లలో అది త్వరగా జరుగుతుందని కూడా అదే విశ్లేషణ చెబుతుంది. ఏడాదికి 1.8 చొప్పున ఎనిమిదేళ్లకు 14 శాతం పోతుంది. 80 వేగంలో 210 కిలోమీటర్లు వచ్చే కారుకు అప్పుడు 180 వస్తాయి. మూడో వర్గం భయపడేంత విపత్తు అది కాదు. పట్టించుకోనక్కర్లేనంత చిన్నదీ కాదు.

చల్లబరిచే పద్ధతి మీద నిపుణుల్లోనే రెండు అభిప్రాయాలున్నాయి. ద్రవం పక్షం వాళ్ల వాదన సూటిగా ఉంటుంది. బయటి గాలి 42 డిగ్రీలుంటే ఆ గాలితో చల్లబడే బ్యాటరీ అంతకన్నా చల్లగా ఉండలేదు. ఏసీ కంప్రెసర్‌తో చల్లార్చిన ద్రవమైతే దాన్ని కిందికి దించగలదు. హైవే మీద గంటన్నర నడిపి, వెంటనే ఫాస్ట్ ఛార్జింగ్ పెట్టి, మళ్లీ బయలుదేరేవాళ్లకు ఈ తేడా తెలుస్తుంది. వేడెక్కిన బ్యాటరీ ఎంత పెద్ద ఛార్జర్ ఉన్నా కరెంటును మెల్లగానే తీసుకుంటుంది. గాలి పక్షం వాళ్లు ఎల్‌ఎఫ్‌పీ రసాయనం వేడిని ఓర్చుకుంటుందని, చిన్న మోటారు పెద్దగా వేడి పుట్టించదని, ధర తగ్గితేనే మామూలు జనం కొనగలరని అంటారు. ఊరి వాడకానికి ఈ మాట నిలుస్తుంది. రోజుకు రెండుసార్లు ఫాస్ట్ ఛార్జింగ్ పెట్టే టాక్సీకి మాత్రం తిరుత్తణి ఎండలో ద్రవం ఉన్న కారే తీసుకోమంటాను. నిలిపి ఉంచిన కారులో ద్రవం పంపు కూడా మామూలుగా పని చేయదు కాబట్టి, రెండు రకాలకూ చింతచెట్టు నీడ ఒకేలా మేలు చేస్తుంది.

నూరు శాతం పేచీ

ఇక్కడ సలహాలు ఒకదాన్నొకటి కొడతాయి. ఎన్‌ఎంసీ కారుకు రోజువారీ 80 శాతం చాలు, దూర ప్రయాణానికే నూరు. దీని మీద పెద్దగా తగువు లేదు. ఎల్‌ఎఫ్‌పీ దగ్గరే పేచీ. మీటరు పద్దు సరిపడాలంటే వారానికోసారి నూరు పెట్టాలని తయారీదారులంటారు. కెనడాలోని డల్‌హౌసీ విశ్వవిద్యాలయంలో జెఫ్ డాన్ బృందం 2024లో ప్రచురించిన పరిశోధన మరోటి చెప్పింది. ఎల్‌ఎఫ్‌పీ బ్యాటరీని ఎప్పుడూ నిండు దగ్గరే ఉంచి వాడితే, తక్కువ శాతాల్లో వాడిన దానికన్నా త్వరగా తరుగుతుందని.

ఒకరు మీటరు గురించి, మరొకరు ఆయుష్షు గురించి మాట్లాడుతున్నారు కాబట్టి రెండూ నిజాలే కావచ్చు. వేసవిలో ఏం చేయాలన్నదే చిక్కు. నూరు దాకా పెట్టి రాత్రంతా, మర్నాడు మధ్యాహ్నమంతా నిలబెడితే హాని ఎక్కువ. తెల్లవారుజామున నూరు చేరేలా పెట్టుకుని వెంటనే బయలుదేరితే రెండు పనులూ జరుగుతాయి. అయితే ఇలాంటి సలహా ఇంట్లో ఛార్జర్, కారులో టైమర్ ఉన్నవాళ్లకే పనికొస్తుంది.

ప్రయోగశాల రెండు వైపులా తప్పుతుంది

స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2024 డిసెంబరులో నేచర్ ఎనర్జీ పత్రికలో ఒక ఆసక్తికరమైన ఫలితం ప్రచురించారు. బ్యాటరీలను ప్రయోగశాలలో నిలకడగా ఖాళీ చేస్తే ఎంత కాలం నిలిచాయో, నిజమైన డ్రైవింగ్‌లా ఆగుతూ, దూకుతూ, మధ్యలో విశ్రాంతి ఇస్తూ ఖాళీ చేస్తే అంతకన్నా 38 శాతం దాకా ఎక్కువ నిలిచాయి. మామూలు కుటుంబపు కారుకు నింపి ఖాళీ చేయడం కన్నా కాలంతో వచ్చే ముసలితనమే ముఖ్యమని కూడా వాళ్లన్నారు.

అంటే ప్రయోగశాల దూరాన్ని ఎక్కువ చేసి చెప్పింది, ఆయుష్షును తక్కువ చేసి చెప్పింది. ఫలితంగా మనిషి రెండుసార్లు దెబ్బతింటున్నాడు. కొన్న వారానికే దూరం రాలేదని కుంగిపోతాడు, ఆ కోపంలో బ్యాటరీ కూడా నిలవదన్న మాటను నమ్మేస్తాడు. మంచి బ్యాటరీ ఉన్న పాత కారు తక్కువ ధరకు అమ్ముడుపోవడానికి ఈ అపనమ్మకం ఒక కారణం.

ఇంకా తేలనివి

వారంటీతో కొంత భరోసా వచ్చింది. చాలా కంపెనీలు 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్లు ఇస్తున్నాయి, ఈసీ3కి 7 ఏళ్లు లేదా 1.4 లక్షలు. సామర్థ్యం ఎంతకు పడిపోతే వారంటీ వర్తిస్తుంది, దాన్ని ఎవరు ఎలా కొలుస్తారు అన్నదే అసలు ప్రశ్న. కారు తెర మీద చూపే ఆరోగ్య శాతాన్ని లెక్క కట్టేది కంపెనీ సాఫ్ట్‌వేరే. ఐక్యరాజ్యసమితి వాహన ప్రమాణాల వేదిక 2022లో జీటీఆర్ 22 అనే నియమావళి తెచ్చింది. దాని ప్రకారం 5 ఏళ్లు లేదా లక్ష కిలోమీటర్లకు 80 శాతం, 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్లకు 70 శాతం సామర్థ్యం మిగలాలి. ఆరోగ్య శాతాన్ని యజమానికి చూపాలి, ఆ అంకె సరైనదో కాదో తనిఖీ చేయాలి. తిరుత్తణిలో సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ కారు కొనే నేతపనివాడికి ఇంతకన్నా ఉపయోగపడే నియమం లేదు.

రెండోది, వేడి ప్రాంతాల బ్యాటరీ సంగతి. ఇంతవరకు చెప్పిన పెద్ద పరిశోధనలన్నీ అమెరికా, కెనడా కార్ల మీదో ప్రయోగశాలల్లోనో జరిగాయి. మన వాతావరణంలో ఎల్‌ఎఫ్‌పీ బ్యాటరీ పదేళ్లు ఎలా నడిచిందో చెప్పడానికి ఆ కార్లకు ఇంకా పదేళ్లు నిండలేదు. జవాబు చెప్పగల సమాచారం ఈ దారిలో రోజూ తిరిగే వాహనాల్లోనే ఉంది. ఘాట్ ఎక్కే ఆర్టీసీ బస్సులు, విమానాశ్రయానికి తిరిగే టాక్సీలు అలాంటివే. ప్రజల డబ్బుతో నడిచే బస్సుల బ్యాటరీ తరుగుదలను ఏటా ప్రచురిస్తే, తిరుపతి పక్క కరకంబాడిలో ఎదిగి ఇప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలో లిథియం సెల్లుల ఫ్యాక్టరీ కడుతున్న అమరరాజా లాంటి తయారీదారులకూ అది పనికొస్తుంది.

మూడోది అద్దం మీద అంటించే అంకె. ఎంఐడీసీ రెండు భాగాలూ కలిపిన అంకె మునుపటి కన్నా నయం, అయినా అందులో ఏసీ లేదు, 90 దాటిన వేగం లేదు. కొత్త పరీక్ష ఏదైనా రానీ, ప్రతి ఎలక్ట్రిక్ కారు మీద రెండు అంకెలుండాలి: ఊళ్లో ఏసీతో ఎంత, ఏసీ వేసి 90 నిలకడ వేగంతో ఎంత. పక్కనే బ్యాటరీలో వాడుకోదగ్గ యూనిట్లు, దాన్ని చల్లబరిచే పద్ధతి కూడా ఉండాలి. ఈ నాలుగూ ఉంటే తిరువళ్లూరు మనిషి తిరుమలకు ఎన్నిసార్లు ఛార్జింగ్ పెట్టాలో షోరూంలోనే వేళ్ల మీద లెక్కేసుకోగలడు.